అడ్వాన్సు తిరిగి రాకపోతే ఏ కోర్టుకు వెళ్లాలి?

ఇల్లు ఖాళీ చేసి నెలలు గడిచినా యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడం లేదు. వినియోగదారుల కోర్టులో కేసు వేయవచ్చా? అద్దెకుండే వాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఫీజు తక్కువ, న్యాయవాది లేకపోయినా నడుస్తుంది అన్న మాట అందరి చెవినా పడి ఉండడంతో ముందుగా ఆ గుమ్మమే గుర్తుకొస్తుంది. జవాబు మాత్రం నిరుత్సాహపరుస్తుంది. మామూలు ఇల్లు, మామూలు నెల అద్దె అయితే ఆ కేసు అక్కడ నిలవడం కష్టం. అదే ఇల్లు చూపించి కమిషన్ తీసుకున్న బ్రోకరు మాట తప్పినా, సామాను తరలించిన సంస్థ బీరువా విరగ్గొట్టినా, హాస్టల్ వాళ్లు చెప్పిన వసతులు ఇవ్వకపోయినా వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కే, అంటే మనం వినియోగదారుల కోర్టు అనే చోటికే.

ఈ తేడా తెలియక చాలామంది కాలం పోగొట్టుకుంటున్నారు. ఇరవై, ముప్పై వేల రూపాయల కోసం తిరిగే మనిషికి తప్పు కోర్టులో గడిచిన ఏడాది పెద్ద నష్టం. కొందరు అక్కడే విసిగి వదిలేస్తారు. కాబట్టి చట్టంలోని హక్కులకంటే ముందు, డబ్బు ఎవరికి, దేనికి ఇచ్చామన్నది తేల్చుకోవాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వస్తువులకూ సేవలకూ సంబంధించినది. సేవ అంటే ఏమిటో సెక్షన్ 2(42) చెబుతుంది. బ్యాంకింగ్, బీమా, రవాణా, విద్యుత్ సరఫరా, ఇళ్ల నిర్మాణం, భోజన వసతి, బస వంటివి అందులో పేరు పెట్టి చేర్చారు. ఇంటిని అద్దెకివ్వడం ఆ జాబితాలో లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అద్దె అంటే స్థిరాస్తిని కొంతకాలం అనుభవించే హక్కును బదిలీ చేయడం. యజమాని మీకు సేవ చేయడం లేదు, తన ఆస్తి మీద ఒక హక్కు ఇస్తున్నాడు. అందుకే కేవలం యజమాని, అద్దెదారు మధ్య నడిచే గొడవ వస్తే కమిషన్లు సాధారణంగా సివిల్ కోర్టుకు వెళ్లమంటాయి.

హాస్టల్ సంగతి వేరు. ఎస్సార్ నగర్‌లోనో మాదాపూర్‌లోనో నెలకింత అని కట్టి మంచం, భోజనం, వైఫై, బట్టలు ఉతికే యంత్రం వాడుకునే వాళ్లు ఇంటి అద్దెదారులు కారు. వాళ్లు కొనుక్కున్నది వసతి సేవ. రోజుల లెక్కన ఇచ్చే సర్వీస్ అపార్ట్‌మెంటు కూడా ఇంచుమించు ఇలాంటిదే. కరెంటు విషయంలోనూ అద్దెదారుకు దారి ఉంది. మీటరు యజమాని పేరున ఉన్నా, అతని అనుమతితో వాడుకుంటూ బిల్లు కడుతున్న మనిషిని లబ్ధిదారుగా చట్టం వినియోగదారుల్లోనే లెక్కిస్తుంది. అయితే అనధికార వాడకం పేరుతో విద్యుత్ సంస్థ వేసిన అంచనా బిల్లు మీద మాత్రం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి లేదు. 2013లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. ఇక కట్టుకుంటున్న ఫ్లాటు బిల్డరు సమయానికి ఇవ్వక అద్దె ఇంట్లోనే ఉండిపోయిన కుటుంబాలకు రెరా (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే స్థిరాస్తి నియంత్రణ సంస్థ), వినియోగదారుల కమిషన్ రెండూ ఉన్నాయి, ఏది కావాలో ఎంచుకోవచ్చు.

ఇప్పటికే తప్పు గుమ్మం తొక్కి ఉంటే ఆశ వదులుకోనవసరం లేదు. కాలపరిమితి చట్టం సెక్షన్ 14 ప్రకారం, మంచి నమ్మకంతో, శ్రద్ధగా వేరే కోర్టులో గడిపిన కాలాన్ని లెక్కలోంచి తీసేయమని అడగవచ్చు. కమిషన్ మీ ఫిర్యాదును తిప్పి పంపేటప్పుడు, తగిన కోర్టుకు వెళ్లే స్వేచ్ఛ ఇస్తున్నట్టు ఉత్తర్వులో రాయమని కోరండి. ఆ ఒక్క వాక్యం తర్వాత చాలా పనికొస్తుంది.

అద్దె ఇంటికి ఏ చట్టం?

తెలంగాణలో అద్దె నియంత్రణకు 1960 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. రెంట్ కంట్రోలర్ (అద్దె తగాదాలు తేల్చే అధికారి), న్యాయమైన అద్దె నిర్ణయం, ఫలానా కారణాలుంటేనే ఖాళీ చేయించాలన్న నియమం, ఇవన్నీ దానిలోవే. అయితే 2005 సవరణ తర్వాత, మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల అద్దె 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన భవనాలకు అది వర్తించదు. కట్టడం పూర్తయి 15 ఏళ్లు నిండని భవనాలూ దాని బయటే. ఈ రోజు హైదరాబాదులో 3,500కు ఒక గది దొరకడమే కష్టం. అంటే అద్దెదారును కాపాడడానికి చేసిన చట్టం నగరంలోని అద్దెదారుల్లో అత్యధికులకు అందకుండా పోయింది. ఆ పరిమితిని ఇన్నేళ్లు అలాగే ఉంచడం అన్యాయమని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్ 2017లో అద్దె ఇళ్లకు వేరే చట్టం చేసుకుంది కాబట్టి అక్కడి వాళ్లు ఏ అధికారి దగ్గరకు వెళ్లాలన్నది ఆ చట్టాన్ని బట్టి చూసుకోవాలి.

అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని కొత్త చట్టం వచ్చిందంటూ ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఆ నిబంధన ఉన్నమాట నిజమే. నివాసానికి రెండు నెలలు, వ్యాపార స్థలానికి ఆరు నెలలు అన్నారు. కానీ అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా మాత్రమే. మీ రాష్ట్ర శాసనసభ దాన్ని చట్టంగా చేస్తే తప్ప ఆ సందేశం చూపించి యజమానితో వాదించి లాభం లేదు.

కాబట్టి 3,500 దాటిన అద్దెకు చివరికి మిగిలేది ఆస్తి బదిలీ చట్టమూ, మీరు సంతకం చేసిన అగ్రిమెంటూ. ఆ చట్టంలో అద్దెదారుకూ యజమానికీ ఉండే ముఖ్యమైన హక్కులు సెక్షన్ 108లో ఉన్నాయి. అయితే ఆ సెక్షన్ మొదట్లోనే ఒక షరతుంది: దీనికి విరుద్ధంగా ఒప్పందం లేనప్పుడు మాత్రమే ఇవి వర్తిస్తాయి. అగ్రిమెంటులో రాసుకున్నది చాలాచోట్ల చట్టం మాటను పక్కకు నెట్టేస్తుంది. చదవకుండా సంతకం పెట్టే కాగితం అంత బలమైనదన్నమాట.

అందరూ 11 నెలలకే ఎందుకు రాస్తారు? కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ శ్రమా తప్పించుకోవడానికి 11 నెలలు రాయడం అలవాటైంది, కానీ తెలుగు రాష్ట్రాల్లో 1999 సవరణ తర్వాత ఎంత గడువుకు రాసుకున్న అద్దె ఒప్పందమైనా రిజిస్టర్ చేయించాల్సిందే. కొందరు మూడేళ్లకు రాసుకుని రిజిస్టర్ చేయించరు. గొడవ వచ్చినప్పుడు ఆ మూడేళ్ల గడువును కోర్టులో నిలబెట్టలేరు, నెలవారీ అద్దెగానే లెక్కకు వస్తుంది. చిన్న వ్యాపారం పెట్టుకుని లోపల లక్షలు ఖర్చు చేసేవాళ్లు ఈ ఒక్క విషయంలో పొదుపు చేయకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించడమే మేలు.

ఖాళీ చేయమంటే

నెలవారీ అద్దె అయితే సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు చాలు, అది కూడా రాతపూర్వకంగా ఉండాలి. ఈ గడువు ఇద్దరికీ వర్తిస్తుంది. అగ్రిమెంటులో నెల, రెండు నెలలు అని రాసుకుంటే అదే చెల్లుతుంది. నోటీసు గడువు ముగిసింది కదా అని యజమాని వచ్చి తాళం వేయడానికి మాత్రం వీల్లేదు. అద్దెదారు ఖాళీ చేయకపోతే అతను సివిల్ కోర్టులో దావా వేయాలి, డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తెచ్చుకోవాలి, కోర్టు ద్వారానే స్వాధీనం చేసుకోవాలి. అద్దె బాకీ ఉన్న అద్దెదారుకూ ఈ రక్షణ ఉంటుంది.

ఊళ్లో లేనప్పుడు తాళం పగలగొట్టి సామాను బయట పెట్టేస్తే నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963 సెక్షన్ 6 ఆదుకుంటుంది. ఇల్లు ఎవరిదన్న చర్చలోకే వెళ్లకుండా, చట్టప్రకారం కాకుండా నన్ను బయటకు పంపారు అని చూపిస్తే కోర్టు తిరిగి స్వాధీనం ఇప్పిస్తుంది. కానీ ఆరు నెలల్లోపే దావా వేయాలి. పెద్దమనుషుల మాటలు వింటూ ఆ ఆరు నెలలూ దాటబెట్టుకున్నవాళ్లకు ఈ సెక్షన్ పనిచేయదు. దౌర్జన్యం జరిగితే పోలీసు ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఇవ్వడం మంచిది కూడా. అయితే ఇల్లు ఖాళీ చేయమనో, అద్దె బాకీ కట్టమనో తీర్పు చెప్పే అధికారం పోలీసులకు లేదు. ఆ పేరుతో స్టేషన్‌కు పిలిపిస్తే, ఇది సివిల్ తగాదా అని మర్యాదగానే చెప్పవచ్చు.

కరెంటు, నీళ్లు ఆపి ఖాళీ చేయించే పద్ధతి మరీ క్రూరమైనది. చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో రెండు రోజులు నీళ్లు రాకపోతే ఏ కోర్టు దాకా వెళ్లే ఓపిక ఉంటుంది? 2022లో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు, విద్యుత్తు కనీస సౌకర్యమని, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదని చెప్పింది. విద్యుత్ చట్టం సెక్షన్ 43 కూడా యజమానికైనా, ఆ స్థలంలో ఉంటున్నవాళ్లకైనా సరఫరా ఇవ్వాలంటుంది. కాబట్టి అద్దె అగ్రిమెంటు చూపించి విద్యుత్ సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నీళ్లు ఆపేస్తే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అలా ఆపకూడదన్న ఆదేశం అడగాలి.

ఇల్లు అమ్మేస్తే? కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడు. మీ ఒప్పందం గడువు అలాగే ఉంటుంది. మీరిచ్చిన అడ్వాన్సు ఎవరి దగ్గరుందో ఇద్దరి సంతకాలతో కాగితం రాయించుకోవడం మాత్రం మీ పని. అమ్మకం జరిగిన వారంలోనే అడగండి. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదైపోతుందన్నది అపోహ. అద్దెకు వచ్చినవాడు యజమాని అనుమతితో ఉంటున్నాడు, అనుమతితో ఉన్నన్నాళ్లూ ఆ లెక్క మొదలే కాదు. ఈ భయంతోనే కొందరు యజమానులు ప్రతి 11 నెలలకూ మంచి అద్దెదారులను కదిలిస్తుంటారు. ఆ అవసరం లేదు.

అద్దె పెంపు గురించి దాపరికం లేకుండా చెప్పాలి. గడువు మధ్యలో, ఒప్పందంలో లేకుండా పెంచడానికి వీల్లేదు. గడువు అయిపోయాక మాత్రం 3,500 దాటిన అద్దెలకు ఇంతకు మించి పెంచకూడదని చెప్పే నియంత్రణ ఏదీ లేదు. ఒప్పుకోకపోతే యజమాని 15 రోజుల నోటీసు ఇస్తాడు. ఏటా ఎంత శాతమో మొదటి రోజే రాయించుకోవడమే ఉన్న ఒక్క దారి.

అడ్వాన్సులో కోతలు

ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను మినహాయించి: ఇదీ సెక్షన్ 108 మాట. మూడేళ్లు ఉన్న ఇంట్లో గోడల రంగు వెలిసిపోవడం అరుగుదల. గోడకు పెద్ద బొక్క పడితే, సింకు పగిలితే అది నష్టం. రంగుల ఖర్చు అద్దెదారే పెట్టుకోవాలన్న రూలు చట్టంలో లేదు. కానీ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఒక నెల అద్దె మినహాయిస్తాం అని అగ్రిమెంటులో ఉంటే, మీరు దానికి ఒప్పుకున్నట్టే. గడువుకు ముందే వెళ్లిపోయారని మొత్తం అడ్వాన్సు ఉంచేసుకుంటే మాత్రం నిలదీయవచ్చు. ఒప్పందాన్ని ఉల్లంఘించినందుకు సమంజసమైన పరిహారమే రావాలంటుంది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74. మీరు వెళ్లిన మరుసటి వారమే ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చిన యజమాని మూడు నెలల అద్దె పోయిందని చెప్పడం కుదరదు.

మరమ్మతుల సంగతీ ఇదే సెక్షన్‌లో ఉంది. యజమాని చేయించాల్సిన మరమ్మతును చెప్పినా చేయించకపోతే అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ముందు రాతపూర్వకంగా చెప్పి, తగిన సమయం ఇచ్చి, బిల్లులు దగ్గర పెట్టుకుంటేనే ఈ హక్కు నిలుస్తుంది.

ఇంతా చేసి డబ్బు ఇవ్వకపోతే మొదట నోటీసు పంపాలి. ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఖాళీ చేశారు, తాళాలు ఎవరికిచ్చారు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, అంతే రాస్తే చాలు. స్పీడ్ పోస్టులో పంపి రశీదు, అందినట్టు రుజువు దాచుకోవాలి. దానికీ కదలకపోతే నేరుగా దావాకు పోకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోమని నేను గట్టిగా చెబుతాను. కోర్టులో కేసు లేకుండానే లోక్ అదాలత్ ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తుంది. ఫీజు లేదు. రాజీ కుదిరితే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఇరవై వేల తగాదాకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలిసి లేదు. యజమాని రాకపోయినా, రాజీకి ఒప్పుకోకపోయినా సివిల్ కోర్టు మిగులుతుంది. డబ్బు వసూలు దావాకు మూడేళ్ల గడువు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాదిని కోరవచ్చు.

వినియోగదారుల కమిషన్‌లో కేసు ఎలా నడుస్తుంది

హాస్టల్ ఉదాహరణే తీసుకుందాం. ఒక అమ్మాయి ఇద్దరుండే గది అంటే చేరింది, రెండు నెలల ఫీజు అడ్వాన్సు కట్టింది. వారానికే గదిలో నలుగురిని పెట్టారు, భోజనం రెండు పూటలే అన్నారు. ఖాళీ చేస్తానంటే అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదన్నారు. ఇది సేవాలోపం, ఫిర్యాదు ఇక్కడ నిలుస్తుంది.

ముందు 1915కు ఫోన్ చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అవతలి వాళ్లతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం చేస్తారు, తీర్పు ఇచ్చే అధికారం ఉండదు. కొన్ని గొడవలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే నోటీసు. చట్టం నోటీసు తప్పనిసరి అనలేదు, కానీ ముందు అడిగాం, జవాబివ్వలేదు అని చూపించడం ఫిర్యాదుకు బలం.

ఏ కమిషన్? కట్టిన డబ్బు 50 లక్షల రూపాయల వరకు అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. అడిగే పరిహారంతో సంబంధం లేదు, వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తమే కొలమానం. ఈ పద్ధతి చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ ఊళ్లో వేయాలన్నదీ ముఖ్యమే. పాత చట్టంలో లేని సౌకర్యం 2019 చట్టంలో వచ్చింది: ఫిర్యాదుదారు తాను నివసించే చోటైనా, పనిచేసే చోటైనా వేయవచ్చు. హాస్టల్ ఖాళీ చేసి కరీంనగర్ వెళ్లిపోయిన అమ్మాయి అక్కడి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, వాయిదాకు హైదరాబాదు రానక్కరలేదు. ఈ ఒక్క మార్పు ఎంతమందికి ఊరటో చెప్పలేను.

కట్టిన మొత్తం 5 లక్షల వరకు ఫీజు లేదు. 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి క్షమించమని వేరే దరఖాస్తు పెట్టాలి, ఇస్తారన్న హామీ ఉండదు.

ఫిర్యాదు రాయడానికి న్యాయ పరిభాష అక్కరలేదు. మీ వివరాలు, అవతలి వాళ్ల వివరాలు, ఏం జరిగిందో తేదీల వరుసలో, ఏం కావాలో. వాపసు ఎంత, పరిహారం ఎంత, ఖర్చులు ఎంత అని విడివిడిగా అడగాలి. అడగనిది రావడం కష్టం. దాంతో పాటు అఫిడవిట్ (ప్రమాణ పత్రం), పత్రాల జాబితా, రశీదులు, బ్యాంకు చెల్లింపుల నకళ్లు. వాట్సాప్ మాటలు ఆధారంగా పెట్టేటప్పుడు తెర ఫోటో ఒక్కటే కాకుండా నంబరు, తేదీ కనిపించేలా ప్రింటు తీసి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన సర్టిఫికెట్ జత చేయాలి. ఫోను మార్చినా పాత సందేశాలు చెరిపేయకండి. నేరుగా కమిషన్ కార్యాలయంలో ఇవ్వవచ్చు, లేదా 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు.

ఫిర్యాదు స్వీకరించాలా వద్దా అన్నది కమిషన్ సాధారణంగా 21 రోజుల్లో చెప్పాలి, చెప్పకపోతే స్వీకరించినట్టే లెక్క. మీ వాదన వినకుండా తిరస్కరించకూడదు. స్వీకరించాక అవతలి పక్షానికి నోటీసు వెళుతుంది. వాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు మాత్రమే పొడిగించగలదు. 45 రోజులు దాటాక జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పెద్ద సంస్థలు జవాబు వేయకుండా వాయిదాలు అడుగుతుంటే ఈ తీర్పును గుర్తు చేయడానికి వెనకాడకండి. రాజీకి అవకాశం కనబడితే కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపవచ్చు, ఇద్దరూ ఒప్పుకుంటేనే. విచారణ చాలావరకు అఫిడవిట్లు, పత్రాల మీదే నడుస్తుంది. వీడియో ద్వారా హాజరవుతానని దరఖాస్తు చేసుకోవచ్చు.

మూడు నెలల్లో తేల్చాలని చట్టం, పరీక్షలు అవసరమైన వస్తువుల విషయంలో ఐదు నెలలు. ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది, ఆ సంగతి తెలిసే మొదలుపెట్టాలి. వాయిదాకు మీరు రాకపోతే ఫిర్యాదు కొట్టేయవచ్చు. వాళ్లు రాకపోతే ఏకపక్షంగా తీర్పు ఇస్తారు.

తీర్పు వచ్చాక జిల్లా కమిషన్ ఉత్తర్వు మీద 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. డబ్బు కట్టమని తీర్పు వచ్చినవాళ్లు అందులో సగం జమ చేస్తే తప్ప అప్పీలు తీసుకోరు. గడువు గడిచినా అప్పీలూ లేదు, డబ్బూ రాలేదంటే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయాలి. సెక్షన్ 71 కింద సివిల్ డిక్రీలాగా ఆస్తి జప్తు చేయించవచ్చు. సెక్షన్ 72 కింద ఉత్తర్వు పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చాలామంది తీర్పు కాపీ చేతికి రాగానే పని అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోతారు, అవతలి వాళ్లు కూడా ఆ ధైర్యంతోనే కూర్చుంటారు. తీర్పులో ఇచ్చిన గడువు ముగిసిన మరునాడే, ధ్రువీకరించిన కాపీ జత చేసి అమలు పిటిషన్ వేసేయండి.